రీపర్‌లో కీబోర్డ్ షార్ట్‌కట్‌లు చేతికి అలవాటు కావాలంటే ఎలా నేర్చుకోవాలి

రికార్డింగ్ నేర్చుకుందామని కూర్చున్నవాళ్లలో చాలామంది మొదట చేసే పని, నెట్‌లో దొరికిన షార్ట్‌కట్‌ల చార్టు ప్రింట్ తీసి గోడకి అంటించడం. వారం తిరిగేసరికి చార్టు గోడ మీదే ఉంటుంది, చెయ్యి మౌస్ మీదే ఉంటుంది. ఆ చార్టులు కీల వరుసలోనో, మెనూల వరుసలోనో ఉంటాయి. మన పని ఆ వరుసలో నడవదు కదా. పల్లవి పాడించడం, నచ్చకపోతే మళ్ళీ పాడించడం, నాలుగు టేకుల్లో బాగున్న ముక్కలు ఏరుకోవడం, ఊపిరి శబ్దాలు తగ్గించడం, చివరికి ఫైల్ తీసుకోవడం... పాట ఈ వరుసలో తయారవుతుంది. కీలు కూడా ఇదే వరుసలో, పనికి కావలసినప్పుడు కావలసినన్ని నేర్చుకుంటే చాలు. మిగతావి జీవితాంతం తెలియకపోయినా నష్టం లేదు.

ఇక్కడ చెప్పేదంతా రీపర్ గురించి, అంటే కంప్యూటర్‌లో పాటలు రికార్డ్ చేసి, ఎడిట్ చేసుకునే సాఫ్ట్‌వేర్ గురించి. ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకుని జానపదాలు, భక్తి పాటలు, కవర్ సాంగ్స్ చేసేవాళ్లకి ఇది బాగా సరిపోతుందని నా అభిప్రాయం. 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు, ఆ తర్వాత సొంతానికి వాడుకునేవాళ్లకి లైసెన్స్ 60 డాలర్లు. పాత ల్యాప్‌టాప్‌లో కూడా పెద్దగా ఇబ్బంది పెట్టదు. దీని వెనక ఉన్నది ఒకప్పుడు మన కంప్యూటర్లన్నింట్లో ఎంపీ3లు మోగించిన వినాంప్‌ని తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్. మనకి ముఖ్యమైన సంగతి ఇంకోటుంది: ఇందులో దాదాపు ప్రతి కీ మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు.

కింద విండోస్ కీలు రాస్తున్నాను. మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్, ఆల్ట్ బదులు ఆప్షన్ అనుకుని చదవండి.

ముందు కీబోర్డు సంగతి చూసుకోండి

వాట్సాప్‌లో తెలుగులో టైప్ చేసి, అదే తెలుగు కీబోర్డుతో రీపర్‌లోకి వస్తే కొన్ని కీలు పలకకపోవచ్చు. ఏ కీ అయినా మొండికేస్తే ముందు విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కి ఇంగ్లీషులోకి మారండి. ట్రాక్‌లకి, మార్కర్లకి (పాటలో ఫలానా చోటని పెట్టుకునే గుర్తులు) పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, పెట్టాక వెనక్కి మారడం మర్చిపోకండి. క్యాప్స్ లాక్ ఆఫ్‌లో ఉంచండి.

మొదటి సెషన్: ఆరు కీలు, అంతకంటే వద్దు

స్పేస్‌బార్ పాటని నడిపిస్తుంది, ఆపుతుంది. కంట్రోల్+ఆర్ రికార్డింగ్ మొదలుపెడుతుంది. కంట్రోల్+టీ కొత్త ట్రాక్ తెస్తుంది. డబ్ల్యూ నొక్కితే పాట మొదటికి వెళ్తారు. కంట్రోల్+జెడ్ చేసిన పని వెనక్కి తీసుకుంటుంది. కంట్రోల్+ఎస్ సేవ్ చేస్తుంది. మొదటి రోజు ఈ ఆరింటికీ మౌస్ ముట్టుకోకూడదని గట్టిగా అనుకోండి, మిగతా పనులన్నీ హాయిగా మౌస్‌తోనే చేసుకోండి.

ఆడాసిటీ, యాపిల్ లాజిక్ లాంటి వేరే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఒకచోట తడబడతారు. ఆ రెండింట్లోనూ ఒట్టి ఆర్ నొక్కితే రికార్డింగ్ మొదలవుతుంది. రీపర్‌లో ఒట్టి ఆర్ అంటే రిపీట్. గాయని కళ్ళు మూసుకుని ఆలాపన మొదలుపెట్టేస్తుంది, మీరు ఆర్ నొక్కి తల ఊపుతుంటారు, రికార్డ్ అయ్యేది ఏమీ ఉండదు. కాబట్టి పాడేవాళ్లు రాకముందే కంట్రోల్+ఆర్, స్పేస్‌బార్, కంట్రోల్+జెడ్ వరుసని ఖాళీ ట్రాక్ మీద కాసేపు సాధన చేయండి. రికార్డ్ చేయాల్సిన ట్రాక్ మీద ఎర్ర బటన్ నొక్కి ఆర్మ్ చేయాలన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆపగానే ఫైల్ ఉంచాలా తీసేయాలా అని పెట్టె వస్తే, ఉంచే పక్షంలో ఎంటర్ కొట్టండి. దానికీ మౌస్ అక్కర్లేదు.

హార్మోనియం వాయించేవాళ్లు మెట్ల వైపు చూడరు. కళ్ళు పాడేవాళ్ల మీద ఉంటాయి, వేళ్ళకి దారి తెలుసు. ఈ ఆరు కీల దగ్గర మీరు ఆ స్థితికి వచ్చాకే రెండో మెట్టు ఎక్కండి.

రెండో మెట్టు: పాటలో ఎక్కడికి కావాలంటే అక్కడికి

"అన్నా, రెండో చరణం ఇంకోసారి పాడతా" అని హెడ్‌ఫోన్స్‌లోంచి గొంతు వినిపించాక మీరు స్క్రోల్ చేసుకుంటూ, వేవ్‌ఫామ్ చూసుకుంటూ, అక్కడ కాదు ఇక్కడ అనుకుంటూ వెతికితే, ఆ కాసేపట్లో పాడేవాళ్ల ఊపు చల్లారిపోతుంది. నా దృష్టిలో షార్ట్‌కట్ అసలు విలువంతా ఇక్కడే ఉంది. మిక్సింగ్ అప్పుడు మీరు రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటే అడిగేవాళ్లు ఉండరు. టేక్‌కి, టేక్‌కి మధ్య ఆలస్యమైతే మాత్రం అది పాటలో వినిపిస్తుంది.

ఇలా చేయండి. పాడేవాళ్లు రాకముందే బ్యాకింగ్ ట్రాక్‌ని (గొంతు లేని, వాద్యాలు మాత్రమే ఉన్న ట్రాక్) ఒకసారి మొదటి నుంచి చివరిదాకా వినండి. పల్లవి మొదలయ్యే చోట ఎమ్ నొక్కండి. మొదటి చరణం దగ్గర మళ్ళీ ఎమ్. బీజీఎమ్ దగ్గర ఎమ్. రెండో చరణం దగ్గర ఎమ్. పాట ఆపనవసరం లేదు, నడుస్తున్న చోటే మార్కర్ పడుతుంది. కాస్త అటూ ఇటూ పడితే తర్వాత మౌస్‌తో లాగి సర్దుకోవచ్చు, మార్కర్ మీద డబుల్ క్లిక్ చేసి పేరు రాసుకోవచ్చు. పడేటప్పుడే పేరు కూడా పెట్టాలనుకుంటే షిఫ్ట్+ఎమ్.

ఇప్పుడు కీబోర్డు పైవరుసలోని అంకెలు పనిచేస్తాయి. 1 నొక్కితే పల్లవి, 2 నొక్కితే మొదటి చరణం, 4 నొక్కితే రెండో చరణం. పదో మార్కర్‌కి సున్నా. మధ్యలో ఇంకో మార్కర్ పెడితే దాని నంబరు పాటలోని వరుసకి సరిపోకపోవచ్చు. అలాంటప్పుడు మార్కర్లన్నింటికీ వరుసగా కొత్త నంబర్లు ఇచ్చే యాక్షన్ ఒకటుంది, యాక్షన్ లిస్ట్‌లో రీనంబర్ అని వెతికితే దొరుకుతుంది. ఆ లిస్ట్ సంగతి కాసేపట్లో చెప్తాను.

పాడేవాళ్ల చేతిలో ఉన్న సాహిత్యం కాగితం మీద కూడా ఇవే నంబర్లు వేసి ఇవ్వండి. "రెండో చరణం" అనే బదులు వాళ్లే "నాలుగు" అంటారు. మీరు 4 నొక్కుతారు, కంట్రోల్+ఆర్ కొడతారు.

మూడో మెట్టు: టేకులు ఏరడం

ఎక్కువ సమయం పోయేది ఇక్కడే. ఒక పల్లవిని ఎలా కూర్చాలో మొత్తం చూద్దాం.

పల్లవి మొదలయ్యే దానికి కొంచెం ముందు నుంచి, అయిపోయాక కొంచెం తర్వాతి వరకు పైన రూలర్ (సమయం చూపే పట్టీ) మీద మౌస్‌తో లాగి సెలెక్ట్ చేయండి. ఆర్ నొక్కి రిపీట్ ఆన్ చేయండి. కర్సర్ ఆ సెలెక్షన్ మొదట్లో పెట్టి కంట్రోల్+ఆర్. పల్లవి తిరుగుతూనే ఉంటుంది, పాడేవాళ్లు పాడుతూనే ఉంటారు, ప్రతి చుట్టూ ఒక టేక్‌గా ఒకే ఐటమ్‌లో (ట్రాక్ మీద కనిపించే ఆడియో ముక్క) చేరుతుంది. నాలుగు చుట్లు చాలు. ఆ తర్వాత గొంతు అలసిపోతుంది, అయిదోది నాలుగోదానికంటే బాగుండటం అరుదు.

ఆపాక ఆ ఐటమ్ సెలెక్ట్ చేసి టీ నొక్కండి. తర్వాతి టేక్ వస్తుంది. షిఫ్ట్+టీ అంతకుముందు టేక్‌కి తెస్తుంది. స్పేస్‌బార్, విను, టీ, స్పేస్‌బార్, విను. పల్లవి రెండు లైన్లనుకుందాం. మొదటి లైన్ మూడో టేక్‌లో బాగుంది, రెండో లైన్ మొదటి టేక్‌లోనే బాగుంది. రెండు లైన్ల మధ్య ఖాళీలో కర్సర్ పెట్టి ఎస్ నొక్కండి, ఐటమ్ రెండు ముక్కలవుతుంది. ఎడమ ముక్క మీద క్లిక్ చేసి టీతో మూడో టేక్ తెచ్చుకోండి, కుడి ముక్క మీద క్లిక్ చేసి మొదటి టేక్ తెచ్చుకోండి. పల్లవి తయారు. ఎస్, టీ, స్పేస్‌బార్ తప్ప ఇక్కడ ఇంకో కీ అవసరం పడలేదు. రీపర్ 7లో ఒకే ట్రాక్‌లో టేకులు ఒకదాని కింద ఒకటి ఉండేలా లేన్లు (వరసలు) పెట్టుకుని నచ్చిన ముక్కల మీద మౌస్‌తో లాగి ఏరుకునే పద్ధతి కూడా వచ్చింది. పెద్ద పెద్ద ప్రాజెక్టులకి అది బాగుంటుంది. నేర్చుకునేవాళ్లు మాత్రం ఎస్, టీ దగ్గరే మొదలుపెట్టడం మంచిది, కోత ఎక్కడ పెడితే వినపడదో చెవికి తెలుస్తుంది.

ఎస్ దగ్గర రెండు జాగ్రత్తలు. ఒకటి, ఏ ఐటమూ సెలెక్ట్ చేయకుండా ఎస్ నొక్కితే కర్సర్ కింద ఉన్నవన్నీ తెగుతాయి, బ్యాకింగ్ ట్రాక్‌తో సహా. ముందు ఐటమ్ మీద క్లిక్, తర్వాత ఎస్. రెండు, పాట నడుస్తుండగా ఎస్ నొక్కితే నడుస్తున్న చోటే తెగుతుంది. దీన్ని వరంగా కూడా వాడుకోవచ్చు: వింటూ వింటూ లైన్ చివర్లలో ఎస్ కొట్టుకుంటూ పోతే పాట ఆగేలోపు ముక్కలు సిద్ధంగా ఉంటాయి.

ఊపిరి శబ్దాలకి షిఫ్ట్+ఎస్. ఊపిరి ఉన్న చోటు వరకు సెలెక్షన్ లాగి, ఐటమ్ సెలెక్ట్ అయి ఉండగా షిఫ్ట్+ఎస్ నొక్కితే సెలెక్షన్‌కి రెండు వైపులా ఒకేసారి తెగుతుంది. ఆ ముక్కని డిలీట్ చేయొద్దు. ఊపిరి మొత్తం తీసేసిన పాట మనిషి పాడినట్టు ఉండదు, అందులోనూ జానపదం. వాల్యూమ్ తగ్గించండి చాలు. ఎలా తగ్గించాలంటే, దానికి మనమే ఒక కీ తయారుచేసుకోవాలి.

నాలుగో మెట్టు: మీ కీ మీరే పెట్టుకోవడం

ప్రశ్నార్థకం కీ నొక్కండి, అంటే షిఫ్ట్ పట్టుకుని చుక్క పక్కనున్న స్లాష్. యాక్షన్ లిస్ట్ తెరుచుకుంటుంది. రీపర్ చేయగల పనులన్నీ ఇందులో ఉంటాయి, ఒక్కోదానికి ఇప్పుడు ఏ కీ ఉందో పక్కన గడిలో కనిపిస్తుంది. పైనున్న వెతికే పెట్టెలో ఇంగ్లీషులో ఐటమ్, నడ్జ్, వాల్యూమ్ అనే మూడు మాటలు కొట్టండి. ఐటమ్ వాల్యూమ్ ఒక డెసిబెల్ తగ్గించేది, పెంచేది కనిపిస్తాయి. తగ్గించేదాన్ని సెలెక్ట్ చేసి, షార్ట్‌కట్‌ల దగ్గరున్న యాడ్ బటన్ నొక్కి, మీకు నచ్చిన కీ కొట్టి ఓకే చేయండి. ఆ కీకి అప్పటికే వేరే పని ఉంటే రీపర్ అడుగుతుంది, చదవకుండా ఓకే కొట్టకండి. ఇప్పుడు ఊపిరి ముక్క మీద క్లిక్ చేసి ఆ కీ ఆరుసార్లు నొక్కితే ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది.

ఏ పనికి కీ పెట్టుకోవాలో ఎలా తెలుస్తుంది? పని చేసేటప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ఒకే మెనూలోకి మూడోసారి వెళ్తున్నానని అనిపించినప్పుడల్లా ఆ పని పేరు రాయండి. సెషన్ అయ్యాక ఆ మెనూ మళ్ళీ తెరిచి చూస్తే పక్కనే షార్ట్‌కట్ రాసి ఉండొచ్చు, లేకపోతే పైన చెప్పినట్టు పెట్టుకోండి. ఒక సెషన్‌కి ఒకటి, మహా అయితే రెండు. మెట్రోనోమ్ (తాళానికి టిక్ టిక్ అనే శబ్దం) ఆన్, ఆఫ్ చేయడం చాలామంది కాగితంలో మొదటి వరుసలో ఉంటుంది.

యాక్షన్ లిస్ట్‌లోనే రికార్డింగ్ ఆపి, అప్పటిదాకా రికార్డ్ అయినదాన్ని తీసేసే పని కూడా ఒకటుంది. స్టాప్, డిలీట్ అని వెతకండి. మొదటి మాటలోనే తడబడిన టేక్‌ని వదిలించుకోవడానికి, వాయిస్ ఓవర్ చెప్పేవాళ్లకి ఇది బంగారం. కానీ దీనికి ఒంటి కీ పెట్టకండి. ఫైల్ నిజంగానే పోతుంది. కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని నొక్కాల్సిన కీ ఏదైనా పెట్టండి, వేలు పొరపాటున తగిలే వీలు లేకుండా.

"సాఫ్ట్‌వేర్ హ్యాంగ్ అయింది" అనిపించినప్పుడు

కీబోర్డు వాడటం మొదలుపెట్టిన కొత్తలో వచ్చే టెన్షన్ అంతా తెలియకుండా తగిలిన కీల వల్లే. తరచూ తగిలేవి ఇవి.

ఐటమ్‌లు కదలడం లేదు, తెగడం లేదంటే ఎల్ తగిలి ఉంటుంది. అది లాకింగ్. మళ్ళీ ఎల్ నొక్కితే సరి.

ఒక ముక్క డిలీట్ చేస్తే దాని వెనకున్నవన్నీ ముందుకు జరిగి పాట తాళం తప్పిందంటే రిపుల్ ఎడిటింగ్ ఆన్ అయింది. ఆల్ట్+పీ నొక్కినప్పుడల్లా అది ఒక్కో స్థితికి మారుతుంది: ఆఫ్, ఒక్క ట్రాక్‌కి, అన్ని ట్రాక్‌లకి. పైన టూల్‌బార్‌లో దాని బొమ్మ చూస్తూ ఆఫ్‌కి తెచ్చుకోండి, తర్వాత కంట్రోల్+జెడ్‌తో జరిగినదాన్ని వెనక్కి తీసుకోండి. వెనక్కి తీసుకోవాల్సినవి చాలా ఉంటే కంట్రోల్+ఆల్ట్+జెడ్, చేసిన పనుల జాబితా వస్తుంది. ఏ పని దాకా వెనక్కి వెళ్లాలో దాని మీద డబుల్ క్లిక్ చేయడమే.

ఐటమ్ మీరు పెట్టిన చోట కాకుండా గీతల మీదికే గెంతుతోందంటే స్నాప్. ఆల్ట్+ఎస్‌తో తీసేయొచ్చు. ఒక్కసారికే వద్దనుకుంటే షిఫ్ట్ పట్టుకుని లాగండి.

స్పేస్‌బార్ అసలు పలకడం లేదంటే కీ రీపర్ దాకా వెళ్లడం లేదని అర్థం. ట్రాక్ పేరు రాసే గడిలోనో, ఏదైనా ప్లగిన్ (రీపర్‌లో విడిగా వేసుకునే ఎఫెక్ట్ లాంటిది) కిటికీలోనో కర్సర్ ఇరుక్కుని ఉంటుంది. ట్రాక్‌ల ప్రాంతంలో ఖాళీ చోట ఒకసారి క్లిక్ చేయండి. కొన్ని ప్లగిన్‌ల విషయంలో కీలన్నీ ప్లగిన్‌కే పంపాలన్న ఆప్షన్ ఎఫెక్ట్ కిటికీలోని ఎఫ్ఎక్స్ మెనూలో ఆన్ అయి ఉండొచ్చు, అదీ చూడండి.

పాడేదీ మీరే, రికార్డ్ చేసేదీ మీరే అయితే

మైకు కంప్యూటర్‌కి దూరంగా ఉండాలి, ఫ్యాన్ శబ్దం రాకూడదు కాబట్టి. అప్పుడు కంట్రోల్+ఆర్ నొక్కి పరిగెత్తుకెళ్లి పాడటం కుదిరే పని కాదు. ఒక చిన్న వైర్‌లెస్ నంబర్ ప్యాడ్ కొని మైకు స్టాండ్ పక్కన పెట్టుకోండి. రీపర్ నంబర్ ప్యాడ్ కీలని పైవరుస అంకెల నుంచి విడిగా గుర్తిస్తుంది కాబట్టి మార్కర్ల కీలు చెడవు. యాక్షన్ లిస్ట్‌లో రికార్డ్, ప్లే, మార్కర్‌కి వెళ్లడం, ఇందాక చెప్పిన స్టాప్-డిలీట్, ఈ నాలుగూ ప్యాడ్ మీద పెట్టుకుంటే చాలు. ప్యాడ్ మీద కంట్రోల్, షిఫ్ట్ ఉండవు కాబట్టి స్టాప్-డిలీట్‌ని మిగతా మూడింటికీ దూరంగా ఒక మూల కీకి ఇవ్వండి. నమ్ లాక్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అంకెల బదులు బాణం గుర్తుల కీలు పనిచేస్తాయి. టకటక శబ్దం చేసే మెకానికల్ కీలున్న ప్యాడ్ మాత్రం వద్దు, ఆ శబ్దం ప్రతి టేక్ మొదట్లో రికార్డవుతుంది.

చూపు లేనివాళ్లకి

ఇక్కడిదాకా షార్ట్‌కట్ అంటే సౌకర్యం. చూపు లేని సంగీతకారులకి రీపర్ వాడే దారే అది. విండోస్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పాటు ఒసారా అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే, ఏ ట్రాక్ మీద ఉన్నారో, అది ఆర్మ్ అయిందో లేదో, కర్సర్ ఏ బార్ దగ్గర ఉందో రీపర్ మాటల్లో చెబుతుంది. ఎన్‌వీడీఏ తయారుచేసినవాళ్లలో ఒకరే దీన్నీ మొదలుపెట్టారు. ఒసారాలో ఎఫ్12 నొక్కితే షార్ట్‌కట్ హెల్ప్ ఆన్ అవుతుంది. అప్పుడు ఏ కీ నొక్కినా ఆ కీ చేసే పని పేరు చదువుతుంది తప్ప ఆ పని చేయదు. మళ్ళీ ఎఫ్12 కొడితే మామూలు స్థితి. కీబోర్డు మొత్తం వేళ్ళతో తడుముతూ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నేను చూడలేదు. చూపున్నవాళ్లు కూడా కాసేపు తెర ఆపేసి ఇలా సాధన చేసి చూడొచ్చు. ఒసారా వేసేటప్పుడు తన సొంత కీమ్యాప్ (ఏ కీకి ఏ పనో చెప్పే అమరిక) పెట్టమంటారా అని అడుగుతుంది. ఒప్పుకుంటే మీరు పెట్టుకున్న కీలు పోతాయి, అందుకే కింద చెప్పిన పని ముందు చేయండి.

కీలు భద్రం చేసుకోవడం

యాక్షన్ లిస్ట్‌లో కీమ్యాప్ బటన్ ఉంటుంది, పాత వెర్షన్లలో ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది. అక్కడ ఎక్స్‌పోర్ట్ చేస్తే మీ కీలన్నీ ఒక చిన్న ఫైల్‌లోకి వస్తాయి. కొత్త కీ పెట్టుకున్నప్పుడల్లా ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కే పంపుకోండి. విండోస్ మళ్ళీ వేయించాల్సి వచ్చినా, ల్యాప్‌టాప్ మారినా ఇంపోర్ట్ చేస్తే అన్నీ వచ్చేస్తాయి.

వేరేవాళ్ల స్టూడియోలో పని చేయాల్సి వస్తే వాళ్ల సిస్టమ్‌లో మీ కీమ్యాప్ ఇంపోర్ట్ చేయకండి. మర్నాడు వాళ్లు ఎస్ నొక్కితే ఇంకేదో జరుగుతుంది, మీ మీద పీకలదాకా కోపం వస్తుంది. రీపర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పోర్టబుల్ ఇన్‌స్టాల్ అని ఒక ఆప్షన్ ఉంటుంది. దాన్ని ఎంచుకుని పెన్‌డ్రైవ్‌లో రీపర్ వేసుకుని, మీ కీమ్యాప్ అందులో ఇంపోర్ట్ చేసి తీసుకెళ్లండి. అక్కడి ఆడియో ఇంటర్‌ఫేస్ డ్రైవర్‌ని కంట్రోల్+పీతో తెరుచుకునే ప్రిఫరెన్సెస్‌లో ఎంచుకుంటే సరిపోతుంది. లేచి వచ్చేటప్పుడు కంట్రోల్+ఎస్ కొట్టి, రీపర్ మూసేశాకే పెన్‌డ్రైవ్ తీయండి.